పద్దెనిమిది బోణీలు

నేను పనికి చేరిన మూడు నెలల్లో మా మెట్లెక్కి పైకి వచ్చినవి నాలుగు ప్రాణాలు. మీటరు చూసేటాయన, పెళ్ళి కార్డు ఇవ్వడానికి వచ్చిన మేడమ్ వాళ్ళ పిన్ని, టైర్ల దుకాణం పైన ఉందనుకుని టైరు మోసుకుంటూ వచ్చిన ఒక డ్రైవరు, ఒక నల్ల కుక్క. కుక్క మాత్రం రెండుసార్లు వచ్చింది.

శంషాబాద్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం మీద మా గది. మరియం మేడమ్ సైకాలజీలో పెద్ద చదువు చదివి అక్కడ థెరపీ క్లినిక్ పెట్టింది. మందులుండవు, సూదులుండవు. మనసు బాగా లేనివాళ్ళు వచ్చి కూర్చుని మాట్లాడతారు. మేడమ్ వింటుంది. మధ్యలో ఎప్పుడన్నా ఒక ప్రశ్న అడుగుతుంది. అదే వైద్యం. నేను పాల్మాకుల నుంచి రోజూ ఆటోలో వచ్చి బయట బల్ల దగ్గర కూర్చుంటాను. ఫోను ఎత్తడం, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం నా పని. రాయడానికి పేర్లు లేవు కాబట్టి ఎక్కువసేపు కిటికీలోంచి చూస్తుండేదాన్ని. చూడటం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా ఊరి బళ్ళో పదేళ్ళు చదివినా నా గొంతు ఎట్లుంటుందో కొందరు సార్లకు తెలియదు.

మేడమ్‌ది దీనికి పూర్తిగా ఎదురు. లోపల ఎవరూ లేకపోవడంతో ఆమె వినాల్సిన మాటలన్నీ తనే నాకు చెప్పేది. విమానం మా మీదుగా దిగేటప్పుడు మాత్రం ఆగేది. శంషాబాద్‌లో అందరికీ ఉన్న అలవాటే అది. విమానం వస్తే మాట మధ్యలో ఆపుతారు, పోయాక సరిగ్గా అదే ముక్క దగ్గర మళ్ళీ అందుకుంటారు.

గది, కింది దుకాణం రెండూ మేడమ్ వాళ్ళ అన్న ఖైసర్ సాబ్‌వి. రోజూ నాలుగు గంటలకు ఆయన మెట్ల కింద నిలబడి తల ఎత్తి చూసేవాడు. మా దగ్గర చెప్పులు గుమ్మం బయట విడవాలి. కింది నుంచి అవి కనిపిస్తాయి.

"రెండే!" అని కేక వేసేవాడు.

ఒక జత నాది, ఒక జత మేడమ్‌ది. అంతటితో ఆయన తనిఖీ అయిపోయేది.

జూన్ నెల చివర ఒకరోజు ఆయన పైకే వచ్చాడు. వెంట ఇద్దరు ట్రావెల్స్ వాళ్ళు. వాళ్ళు మా కిటికీకి టేపు పెట్టి కొలుచుకున్నారు. అద్దం మీద పెద్ద తెల్ల కారు బొమ్మ అంటిస్తారట.

"భాయ్‌జాన్, ఏంది ఇది?" అంది మేడమ్.

"రంజాన్ నెలవంక కనబడేదాక టైమ్ ఇస్తున్న. ఒక్క మనిషి రావాలె. బంధువు కావద్దు, నువ్వు బతిమాలి పిలిచినోడు కావద్దు, దారి తప్పినోడు కావద్దు. వాడంతట వాడు నీ కోసం వచ్చిన ఒక్క మనిషి. మూడో జత చెప్పులు కనబడాలె నాకు. లేకుంటే ఈ గది వీళ్ళది. నువ్వు షాద్‌నగర్ బడికి పోయి మళ్ళ లెక్కలు చెప్పుకో."

"నాకు లెక్కలు రావని పిల్లలే చెప్పిండ్రు కద!" అంది మేడమ్.

"మనుషులను పిలుచుడు కూడా వస్తలేదు."

వాళ్ళు దిగిపోయాక మేడమ్ చాలాసేపు మాట్లాడలేదు. విమానం కూడా ఏదీ రాలేదు. నాకు భయం వేసింది. ఆమె బడికి పోతే నేను షాద్‌నగర్ రోడ్డు మీది కోళ్ళ ఫారంలో గుడ్లు సర్దడానికి పోవాలి. గుడ్ల సంగతి ఎట్లున్నా, ఈమె పోయి బోర్డు మీద కూడికలు చెయ్యడం నాకు ఊహకే నచ్చలేదు.

అప్పుడు టపాలో వచ్చిన ఒక కార్డు గుర్తొచ్చింది. గూగుల్‌లో ప్రకటన ఇవ్వడానికి కొత్తవాళ్ళకు ఉచిత కూపన్. మేడమ్ దాన్ని పుస్తకంలో గుర్తుకు పెట్టుకుంది. నేను తీసి బల్ల మీద పెట్టాను.

ఇద్దరం ఒకే కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వేసుకుని రెండు రోజులు తంటాలు పడి అది నేర్చుకున్నాం. సంగతి తేలికే. ఎవరైనా గూగుల్‌లో ఏదో వెతుకుతారు. వాళ్ళు వెతికే మాటలు మనం ముందే కట్టి పెట్టుకుంటే, పైన మన ప్రకటన కనిపిస్తుంది. కనిపించినందుకు ఖర్చు లేదు. ఎవరైనా దాన్ని నొక్కితే మాత్రం కూపన్‌లో కొంత తరుగుతుంది. రోజుకు ఇంత అని మనం హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దు అయిపోతే ప్రకటన ఆ రోజుకు మాయం, మళ్ళీ తెల్లారి వస్తుంది.

మొదటి ప్రకటన మేడమ్ ఇంగ్లీషులో రాసింది. ఇంగ్లీషు చాలా బాగుంది. దాన్ని చూసి ఒకాయన వాళ్ళమ్మను మోకాళ్ళ నొప్పులకు తీసుకుని వచ్చాడు. ఇంకొకాయన కొడుకు ఎంసెట్ ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చి, ఏ కాలేజీ వస్తుందో చెప్పమన్నాడు. మేడమ్ ఆయన కొడుకుకు ఏం చదవాలనుందో అడిగింది. "వాడినెందుకు అడుగుడు?" అని ఆయన ఆశ్చర్యపోయి వెళ్ళిపోయాడు.

"దారి తప్పినోళ్ళు లెక్కలకు రారు!" కింది నుంచి ఖైసర్ సాబ్ కేక.

ఆ సాయంత్రం నేను చాలా ధైర్యం చేసి నోరు తెరిచాను.

"మేడమ్, సైకోథెరపీ అని మా ఊళ్ళె ఎవ్వరు అనరు."

"మరి ఏమంటరు?"

"ఏమనరు. చానా రోజులు ఊకుంటరు. ఇగ ఊకోలేనప్పుడు, నిద్ర వస్తలేదు అంటరు."

మేడమ్ నన్ను అట్లాగే చూసింది. "ఇంకా?"

"అంతే అంటరు. మిగిలింది మనం అడగాలె."

"రాయి," అంది మేడమ్. "నువ్వే రాయి."

ప్రకటనలో పేరు వరుసకు ఇరవై ఐదు అక్షరాలు, కింద రెండు వరుసలకు ముప్ఫై ఐదేసి. అంతకు ఒక్కటి మించినా తీసుకోదు. తెలుగు అక్షరాలు పెడితే ఒప్పుకోలేదు. అందుకని మన మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో, వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ రాశాను. నిద్ర వస్తలేదా? వచ్చి కూర్చొని మాట్లాడండి. ఎవ్వరికీ చెప్పం, శంషాబాద్.

మర్నాడు మేడమ్ గూగుల్‌లో "నిద్ర వస్తలేదు" అని కొట్టింది. పైన మేమే ఉన్నాం. లోకంలో ఎవరు నిద్ర రాక వెతికినా వాళ్ళకంటే ముందు మేము లేచి కూర్చున్నట్టుంది. మేడమ్ కుర్చీలోంచి లేచి ఒక చుట్టు తిరిగింది. తిరుగుతూనే చెయ్యి చాపి దాన్ని నొక్కబోయింది. నేను జీవితంలో మొదటిసారి ఒక పెద్దామె చెయ్యి గట్టిగా పట్టుకుని లాగాను.

"నొక్కొద్దు! మనం నొక్కినా మన కూపనే తరుగుతది."

"యా అల్లా," అని మేడమ్ చెయ్యి జేబులో పెట్టుకుంది. ఆ రోజంతా ఆ చెయ్యి బయటికి తియ్యలేదు. చాయ్ ఎడమ చేత్తో తాగింది.

ఇంటికి పోయి అన్నం తింటూ బాపుకు ఈ సంగతంతా చెప్పాను. మా బాపు జంగయ్య ఆకుకూరలు పండించి అమ్ముతాడు. ఖైసర్ సాబ్ పారేసిన పాత టైరును కోసి కుట్టించుకున్న చెప్పులు వేసుకుంటాడు. ఆ చెప్పుల మీద ఆయనకు ఎంత నమ్మకమో బోణీ మీద అంతకు పదింతల నమ్మకం. పొద్దున మొదటి గిరాకీ మంచి చేతిది అయితే మధ్యాహ్నంలోపల గంప ఖాళీ అవుతుందంటాడు. ఊళ్ళో ఎవరు కొత్తగా దుకాణం పెట్టినా పొద్దున్నే పోయి ఏదో ఒకటి కొని వస్తాడు. మాకు అక్కర్లేని దువ్వెనలు, సైకిలు బెల్లులు ఇంట్లో చాలా ఉన్నాయి.

"నొక్కితే ఏమైతది?" అన్నాడు బాపు.

"నొక్కితే మా గడప తొక్కినట్టే బాపు," అన్నాను. అంతకంటే తేలికగా ఎట్లా చెప్పాలో తోచలేదు.

బాపు చెయ్యి కడుక్కుంటూ "మంచిగుంది," అన్నాడు. అంతే అన్నాడు.

తర్వాతి రోజు మూడు క్లిక్కులు వచ్చాయి. ఆ తర్వాత పదకొండు. మూడో రోజు నుంచి సరిగ్గా పద్దెనిమిది. మా రోజు హద్దుకు పద్దెనిమిదే వస్తాయి. పదకొండు కొట్టకముందే ప్రకటన మాయం.

మేడమ్ ఆనందం చెప్పడానికి వీలు లేదు. "పద్దెనిమిది మంది నిర్మలా! శంషాబాద్‌ల ఒక్కనికీ నిద్ర లేదు!" అని చప్పట్లు కొట్టి, వెంటనే "పాపం," అని సర్దుకునేది. వచ్చేవాళ్ళ కోసం ఇంకో కుర్చీ తెప్పించింది. ఏడిస్తే తుడుచుకోవడానికి పల్చటి కాగితాల డబ్బా తెచ్చింది. ఆకుపచ్చ పరదా కుట్టించింది. పరదా పొడుగెక్కువైతే నన్ను కుర్చీ మీద నిలబెట్టి కింద తను సూది పట్టుకుని కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం ఎందుకు నవ్వామో గుర్తు లేదు కానీ, కింద టైర్ల దుకాణం వాళ్ళు బయటికి వచ్చి పైకి చూశారు.

మనుషులు రాకముందే సాధన చెయ్యాలని నన్ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టేది.

"చెప్పమ్మా, ఏమి ఇబ్బంది?"

"ఇబ్బంది ఏం లేదు మేడమ్."

"అట్లనొద్దు. ఏదన్న చెప్పు. నేను వినాలె కద."

"ఆకుకూరల మీద పురుగు పడ్డది మేడమ్."

మేడమ్ పెదాలు బిగించి, తల ఊపుతూ, ఎంతో జాలిగా వినేది. అర నిమిషం వినేది. తర్వాత ఆగలేక వేపనూనె గురించి తనకు తెలిసిందంతా చెప్పేది.

కానీ ఫోను మోగలేదు. పద్దెనిమిది మంది గడప తొక్కుతున్నారు, లోపలికి ఒక్కరూ రావడం లేదు. సిగ్గుపడుతున్నారని మేడమ్ అంది. కింద నిలబడి పైకి చూసి వెనక్కి పోతున్నారేమో చూడమని నన్ను కిటికీ దగ్గర నిలబెట్టింది. నిజంగానే చాలామంది తల ఎత్తి చూస్తున్నారు. వాళ్ళంతా విమానం చూస్తున్నారు.

నాకు ఎక్కడో ముల్లు గుచ్చుకుంటున్నట్టుండేది. కంప్యూటర్లో ఏ గంటకు ఎన్ని క్లిక్కులు వచ్చాయో చూపిస్తుంది. నేను రోజూ దాన్ని నోటుబుక్కులో ఎక్కించుకునేదాన్ని. మొదటి వారమంతా పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్యలో వచ్చాయి. తొమ్మిది దాటితే ఒక్కటీ లేదు. రెండో వారంలో తొమ్మిదిదాకా ఒక్కటీ లేదు, తొమ్మిది తర్వాత జలజలా రాలాయి. నిద్ర రానివాళ్ళు ఇంత క్రమంగా ఉంటారా అని ఆలోచిస్తూ ఆటోలో ఇంటికి పోతున్నాను. పక్కన కూర్చున్నావిడ డ్రైవరును అడిగింది.

"కరెంటు ఎప్పుడు పోతది ఈ వారం?"

"పొద్దుగాల ఆరు నుంచి తొమ్మిది. అంతకుముందు తొమ్మిది నుంచి పన్నెండు గద. పోయిన సోమవారం నాడు మారింది."

నేను నోటుబుక్కు తీశాను. క్లిక్కులు కూడా ఆ సోమవారం నాడే మారాయి. ఆ వేళలు శంషాబాద్‌వి కావు. పాల్మాకులవి. మా ఊళ్ళో కరెంటు ఉన్నప్పుడే జనానికి నిద్ర రాకపోవడం ఏంది?

మర్నాడు శంషాబాద్‌కు పోకుండా పదిన్నరకు ఊరి మూల మీద వీరేందరన్న జిరాక్స్ దుకాణం దగ్గరికి పోయాను. ఆయన దగ్గర నెట్ ఉంది, మూడు కంప్యూటర్లున్నాయి. దుకాణం ముందు లైను. అందరూ మావాళ్ళే. మొదట బాపు నిలబడి "జర్గుండ్రి, జర్గుండ్రి," అని లైను సరిచేస్తున్నాడు. లోపల రాములమ్మ పెద్దమ్మ తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని వీరేందరన్న మణికట్టు మీద పెట్టింది. ఊళ్ళో విత్తనం చల్లాలంటే మొదటి పిడికెడు ఆమె చేత్తోనే చల్లిస్తారు.

"ఆ, పెద్దమ్మా, పట్టుకున్నవా? నొక్కుతున్న," అన్నాడు వీరేందరన్న. నొక్కే ముందు తెర మీది మాటలు పైకి చదివాడు. "నిద్ర వస్తలేదా? వచ్చి కూర్చొని మాట్లాడండి. ఎవ్వరికీ చెప్పం, శంషాబాద్." టక్‌మని నొక్కాడు. "అయింది. పదిహేడు. ఇంకెవరు?"

"నా చెయ్యి మంచిదే కద బిడ్డా? పడ్డదా?" అంది రాములమ్మ పెద్దమ్మ.

"పడ్డది. నువ్వు జరంతసేపు ఆగు, మోడెమ్ తీసి పెట్టాలె. ఒకే తీరుగ నొక్కితే గూగులోడు లెక్కల పట్టడంట. ఒక్క బోణీ కూడ వేస్టు పోవద్దు."

గుమ్మంలో నన్ను చూసి బాపు ముఖం వెలిగిపోయింది. "అగో, మా నిర్మల వచ్చింది! చూడు బిడ్డా, పద్దెనిమిది మంది మంచి చేతులోళ్ళను ఏరి పట్టుకొచ్చిన. పదిహేను దినాల సంది ఒక్క పొద్దు తప్పలె. గిరాకీ ఎట్లుంది?"

నాకు ఏడవాలనిపించింది, నవ్వాలనిపించింది. ఏదీ రాక నిజం చెప్పాను. నొక్కినప్పుడల్లా మా కూపన్ తరుగుతుందని, వీళ్ళ పద్దెనిమిది నొక్కుళ్ళతో ఆ రోజు ప్రకటన అయిపోతుందని, తర్వాత నిజంగా నిద్ర రానివాడు వెతికితే మేము కనిపించమని.

లైనులో ముందున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగారు.

"అంటే," అన్నాడు బాపు మెల్లగా, "మేము బోణీ చేసినమనుకుంటే దుకాణం మూసినమా?"

"రోజూ పదకొండు కాకముందే మూసిండ్రు బాపు."

రాములమ్మ పెద్దమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. ముందు ఆమెకే నవ్వొచ్చింది. "ఓయమ్మో, నేను మొన్న కడుపునొప్పి ఉన్నా వచ్చి మూసి పోయిన కద!" అంది. ఇగ అందరికీ అంటుకుంది. ఒకరు గోడకు ఆనుకుని నవ్వుతున్నారు, ఒకరు గడప మీద కూలబడి నవ్వుతున్నారు. బాపు ఒక్కడే నవ్వలేదు.

"వీరేందరూ, వీటిని వెనక్కి నొక్కొచ్చునా? ఎలుకకు రెండు గుండీలుంటయి గద, కుడిదానితోని?"

"వెనక్కి రాదు కాకా," అన్నాడు వీరేందరన్న.

అందరూ నవ్వుతుంటే నేను వీరేందరన్నను చూశాను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెర మీది ఆ మూడు వరుసలనే చూస్తున్నాడు. లైనులో వాళ్ళందరూ తమ చెయ్యి చూసుకున్నారు. చదివింది ఆయన ఒక్కడే అని అప్పుడే అనుకున్నాను. అనుకుని మరిచిపోయాను.

క్లినిక్‌కు పోయి మేడమ్‌కు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. నెలవంకకు ఇంక మూడు రోజులే ఉంది. పద్దెనిమిది మందీ మా ఊరివాళ్ళని, చేయించింది మా బాపేనని, నోరు జారింది నేనేనని చెప్పాను. తల ఎత్తలేదు.

మేడమ్ కాగితాల డబ్బా దగ్గరికి లాక్కుంది. ఏడుస్తుందేమోనని చూస్తే నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది. డబ్బా మొదటిసారి వాడకంలోకి వచ్చింది.

"నా సొంత అన్న నన్ను ఒక్కసారి కూడా వెతకలేదు నిర్మలా. మీ ఊరోళ్ళు పదిహేను దినాలు పొద్దున్నే స్నానం చేసి వచ్చి నన్ను వెతికిండ్రు. ఆ పెద్దమ్మ చెయ్యి నేను ఒకసారి పట్టుకోవాలె." ఇంకో కాగితం లాగింది. "కడుపునొప్పి ఉన్నా వచ్చిందా?"

"వచ్చింది మేడమ్."

మళ్ళీ మొదలుపెట్టింది.

తర్వాతి రెండు రోజులు క్లిక్కులు లేవు. ఒక్కటీ లేదు. ప్రకటన పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టిగా నిలబడి ఉంది, దాన్ని చూసే దిక్కు లేదు. బాపు ఇంట్లో తన కుడిచేతిని లుంగీలో దాచుకుని తిరుగుతున్నాడు. నేను కోళ్ళ ఫారానికి రానూపోనూ ఆటో ఛార్జీ ఎంతవుతుందో అడిగి పెట్టుకున్నాను.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం నెలవంక చూస్తారు. మేడమ్ పొద్దున్నుంచి పుస్తకాలు అట్టపెట్టెలో పెడుతోంది, మళ్ళీ తీస్తోంది. "లెక్కలల్ల మొదలు భాగహారమా, గుణకారమా?" అని ఒకసారి నన్నడిగింది. రెండున్నరకు కంప్యూటర్లో చూశాను. ఒక క్లిక్. ఒక్కటే.

మేడమ్‌కు చెప్పలేదు. మా బాపు ఆగలేక నొక్కి ఉంటాడనుకున్నాను.

మూడున్నరకు మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆగాయి. మళ్ళీ ఎక్కాయి. గుమ్మంలో వీరేందరన్న. ఈ సంగతి రాయొచ్చా అని తర్వాత నేను ఆయననే అడిగాను. "రాయి, నా దుకాణం పేరు కూడ రాయి," అన్నాడు. అందుకే రాస్తున్నాను.

"మీ బాపు పంపలేదు నన్ను," అన్నాడు ముందుగానే.

"మరి?"

"రెండు దినాలాయె, ఎవ్వరు వస్తలేరు. దుకాణంల ఒక్కన్నే కూసున్న. రోజూ పద్దెనిమిదిసార్లు అందరి కోసం చదివితిని. ఇయ్యాల నా కోసం చదువుకున్న." చెయ్యి చూసుకున్నాడు. "ఒకటే నొక్కిన. తప్పా?"

"తప్పు కాదన్నా."

"అండ్ల రాసినట్టే కద? వచ్చి కూసుంటే చాలు?"

"చాలు."

"ఎవ్వరికి చెప్పరు?"

"మా బాపుకు కూడ చెప్పం."

చెప్పులు విడిచాడు. నీలం పట్టీలవి, ఎడమదానికి పట్టీ తెగితే సన్నటి తీగతో కట్టుకున్నాడు. మేడమ్ అట్టపెట్టెను కాలితో పరదా వెనక్కి తోసి, ఎదురు వచ్చి, "రండి," అని ఒక్క మాట అంది. అంతకంటే ఎక్కువ అనలేదు. తలుపు మూసుకుంది.

నేను నా బల్ల దగ్గర కూర్చున్నాను. గుండె ఎట్లా కొట్టుకుందంటే, లోపలికి వినపడుతుందేమోనని రిజిస్టరు గుండెకు అడ్డం పెట్టుకున్నాను.

నాలుగు గంటలకు కింది నుంచి కేక.

"రెం..."

అక్కడే ఆగిపోయింది. విమానం ఏదీ లేదు. అయినా ఆగిపోయింది.

తర్వాత మెట్ల మీద తోలు జోళ్ళ చప్పుడు. ఖైసర్ సాబ్ నమాజు బట్టల్లోనే ఉన్నాడు, అత్తరు వాసన ఆయన కంటే ముందు వచ్చింది. వెనక ట్రావెల్స్ వాళ్ళిద్దరు. ఒకని భుజం మీద చుట్టిన పెద్ద తెల్ల కారు. ఖైసర్ సాబ్ చెప్పుల ముందు గొంతుక్కూర్చున్నాడు. టైరు పట్టి చూసినట్టే ఒకదాన్ని వంచి చూశాడు.

"ఎవరివి?" గుసగుసగా అడిగాడు.

"చెప్పం సాబ్."

"నా బిల్డింగ్‌ల నాకే చెప్పవా?"

"ఎవ్వరికీ చెప్పం అని రాసినం. గూగుల్‌ల ఉన్నది."

"మీ నాయిన కదా లోపల?"

"మా బాపువి టైరు చెప్పులు. టైరు మీదే."

ఆయన చెప్పును మెల్లగా కింద పెట్టాడు. "దారి తప్పిండా?"

"లేదు."

"మీరు పిలిచిండ్రా?"

"ప్రకటన చదివి వచ్చిండు. బాగా చదివిండు సాబ్. ఆయన చదివినంత ఇంకెవ్వరు చదవలే."

ఖైసర్ సాబ్ మూసిన తలుపును చూశాడు. లోపల మాట వినపడటం లేదు, ఒక మగ గొంతు మాత్రం చిన్నగా, ఆగి ఆగి వస్తోంది. ఏం చెబుతున్నాడో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. విమానం ఒకటి దిగింది. అద్దాలు గీపెట్టాయి. ఆ గొంతు ఆగింది. విమానం పోయాక మళ్ళీ అందుకుంది.

ట్రావెల్స్‌లో ఒకడు "సాబ్, స్టిక్కరు..." అనబోయాడు. ఖైసర్ సాబ్ వాని నోటికి వేలు అడ్డం పెట్టాడు. అట్లా ముగ్గురూ నా బల్ల ముందు నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఎంతసేపని, గంట. కారు బరువుకు భుజం మార్చుకున్నప్పుడల్లా వాడు చప్పుడు కాకుండా మూలిగాడు.

తలుపు గడియ కదిలింది. ఖైసర్ సాబ్ ఉలిక్కిపడి, ట్రావెల్స్ వాళ్ళ భుజాలు పట్టి గిరుక్కున తిప్పి, తను కూడా గోడ వైపు తిరిగాడు. ముగ్గురు పెద్దమనుషులు ముక్కులు గోడకు ఆనించి, క్యాలెండరు ముందు వరసగా నిలబడ్డారు.

వీరేందరన్న బయటికి వచ్చాడు. మూడు వీపులను చూశాడు. నన్ను చూశాడు. నేను రిజిస్టరును చూశాను. చెప్పులు వేసుకుని దిగడం మొదలుపెట్టాడు. నాలుగో మెట్టు మీద ఆగి, గోడకు చెయ్యి ఆనించి, దవడలు కిర్రుమనేట్టు పెద్ద ఆవులింత తీశాడు. ఎన్నాళ్ళుగానో నిద్ర లేని మనిషి తీసిన ఆవులింత. అది వింటే నాకూ వచ్చింది. ఖైసర్ సాబ్ వీపు కూడా ఒకసారి ఉబ్బి దిగింది.

మేడమ్ తలుపు దగ్గరికి వచ్చి ఈ దృశ్యం చూసి చున్నీ నోట్లో కుక్కుకుంది.

"పోయిండా?" గోడను అడిగాడు ఖైసర్ సాబ్.

"రోడ్డు దాటిండు సాబ్," అన్నాను కిటికీలోంచి చూసి. "మళ్ళ శుక్రవారం వస్తనన్నడు," అంది మేడమ్.

ఆయన ఇటు తిరిగాడు. చెల్లెలిని కింది నుంచి పైదాకా కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"గంట," అన్నాడు. "నేను గడియారం చూసిన. పూరా ఒక గంట. వాడే మాట్లాడుతుండు. నువ్వు ఊకున్నవా?"

"ఊకున్న భాయ్‌జాన్."

"మధ్యల ఏమనలే?"

"మూడుసార్లు 'ఊఁ' అన్న."

"మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు," అన్నాడు ఖైసర్ సాబ్. "అమ్మకు ఇప్పుడే చెప్పాలె." ఆయన గొంతు వణుకుతోంది. కోపమేమో అనుకున్నాను. మూతి వంకర తిరిగేదాకా నవ్వని తెలియలేదు. మేడమ్ ఆగలేకపోయింది. నేనూ ఆగలేకపోయాను. మెట్ల గోడల మధ్య ఆ నవ్వు కిందిదాకా దొర్లుకుంటూ పోతే, టైర్ల దుకాణం వాళ్ళు మళ్ళీ బయటికి వచ్చి పైకి చూశారు.

గోడ దగ్గర నుంచి ఒక చిన్న గొంతు వచ్చింది.

"సాబ్, ఇగ మేము ఇటు తిరగొచ్చునా? కారు బరువైతున్నది."